అద్దె కోసం ఇల్లు కొనేముందు: మీ నిబ్బరం ఎన్ని నెలలు?

మాస్టారూ, నమస్కారం. మీరు అడిగినదాన్ని ముందుగా నా మాటల్లో చెప్పుకుంటాను. ఎక్కడైనా పొరబడి ఉంటే కింది లెక్కలన్నీ ఆ మేరకు తప్పుతాయి కనుక ఒకసారి సరిచూసుకోండి. మీకు 47 ఏళ్లు. 2002లో ఉపాధ్యాయ ఉద్యోగంలో చేరి, చీపురుపల్లిలో మీ నాన్నగారు కట్టిన డాబాలోనే ఉంటున్నారు. కోతలన్నీ పోను నెలకు 72 వేలు చేతికి వస్తున్నాయి. ఇంటి ఖర్చు 38 వేలు, ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్న అమ్మాయికి ఫీజూ హాస్టలూ కలిపి సగటున 12 వేలు పోగా, 22 వేలు మిగులుతున్నాయి. డిపాజిట్లూ, పాడుకున్న చిట్టీ కలిపి 21 లక్షలు చేతిలో ఉన్నాయి. విజయనగరం వి.టి.అగ్రహారంలో కిందా పైనా రెండు పోర్షన్లున్న ఇల్లు 42 లక్షలకు బేరం తెగేలా ఉంది. రెండింటికీ కలిపి 16 వేలు అద్దె వస్తోంది. 27 లక్షలు అప్పు ఇస్తామని బ్యాంకు వారు చెప్పారు. మీ బావగారు మాత్రం ఇల్లు వద్దు, భోగాపురం వైపు స్థలం కొనమంటున్నారు. మీ శ్రీమతిగారికి అప్పు అన్న మాటే నిద్ర పట్టనివ్వడం లేదు. బ్యాంకులో నింపించిన ఫారం మాత్రం మీ రిస్కు స్థాయి ‘మధ్యస్థం కంటే ఎక్కువ’ అని తేల్చింది. దాన్ని నమ్మి ముందుకు వెళ్లవచ్చా అన్నది మీ ప్రశ్న.

ఆ ఫారాన్ని నమ్మవద్దు. నేను 26 ఏళ్లు ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో, అందులో ఎక్కువ కాలం శ్రీకాకుళం, విజయనగరం శాఖల్లో గృహరుణాలు చూస్తూ పనిచేశాను. అటువంటి ఫారాలు వందల మందిచేత నింపించాను. అవి మ్యూచువల్ ఫండ్ల కోసం తయారైనవి. మీ పెట్టుబడి 20 శాతం పడిపోతే అమ్మేస్తారా, ఉంచుకుంటారా, ఇంకా కొంటారా అని అవి అడుగుతాయి. ఫండ్లలో డబ్బున్నవారికి అది అర్థవంతమైన ప్రశ్నే, ఎందుకంటే వారు భయపడితే పదో వంతు అమ్ముకొని మిగిలినది ఉంచుకోగలరు. ఇంటి విషయంలో ఆ వెసులుబాటు లేదు. అవసరానికి వంటగది మాత్రం అమ్ముతానంటే కొనేవారుండరు. పైగా ఇంటి ధర పడిపోయిందని రోజూ ఫోనులో ఎవరూ చూపించరు కనుక ధర తగ్గుదల మనల్ని అంతగా బాధించదు. బాధించేది వేరే ఉంది. ఇల్లు ఖాళీగా ఉండి, మరమ్మతు మీద పడి, అదే నెలలో వాయిదా కట్టవలసి రావడమే అసలు బాధ. మీరు ఆ స్థితిలో ఎన్ని నెలలు నిలబడగలరన్న ప్రశ్న ఆ ఫారంలో ఎక్కడా ఉండదు.

నష్టాన్ని తట్టుకునే శక్తి అని మనం ఒకే మాటగా అంటున్నదానిలో నిజానికి రెండు వేరు వేరు సంగతులున్నాయి. ఒకటి స్తోమత, అది జీతం, నిల్వ, బాధ్యతలు, మిగిలిన సర్వీసు మీద ఆధారపడుతుంది కనుక కాగితం మీద లెక్క కట్టవచ్చు. రెండోది నిబ్బరం; అది మనిషి స్వభావం, కష్టం వచ్చినప్పుడు తప్ప బయటపడదు. స్తోమత ఉండి నిబ్బరం లేనివారు మంచి ఇంటిని చెడ్డ సమయంలో అమ్ముకుంటారు. నిబ్బరం ఉండి స్తోమత లేనివారి పరిస్థితి అంతకంటే ఇబ్బందికరం, ఎందుకంటే వారు చేబదుళ్లతో, నూటికి రెండు రూపాయల వడ్డీతో చివరిదాకా లాగి అప్పుడు అమ్ముతారు. ఈ రెండింటిలో ఏది తక్కువగా ఉంటే దాన్నే మీ హద్దుగా తీసుకోవాలి.

ఇది నేను పుస్తకాల్లో నేర్చుకున్నది కాదు. 2011లో విజయనగరం తోటపాలెంలో 19 లక్షలకు ఒక పాత ఇల్లు కొన్నాను. 14 లక్షలు అప్పు, నెల వాయిదా 15 వేల చిల్లర. రెండు పోర్షన్లతో పాటు డాబా మీద రేకులు వేసిన గది ఒకటి ఉండేది. నాకేం ఫరవాలేదు, రోజూ నలుగురికి లెక్కలు చెప్పేవాణ్ణి కదా అన్న ధీమాతో ఉన్నాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. విశాఖ దగ్గర తీరం దాటిన ఆ తుపాను విజయనగరాన్ని కూడా ఎంతగా కుదిపిందో మీకు తెలుసు. మా రేకులు రెండు వీధుల అవతల దొరికాయి, నీళ్ల ట్యాంకు పగిలింది, పక్కింటి వేపచెట్టు ప్రహరీ మీద పడింది. కరెంటు లేదు, మోటారు తిరగదు. కింది పోర్షన్‌లో ఉన్న కుటుంబం తమ ఊరు వెళ్లి, దీపావళి తర్వాత సామాను కోసం మాత్రమే తిరిగి వచ్చింది. పైవారు నెలాఖరుకు ఖాళీ చేశారు. మరమ్మతులకు లక్షా అరవై వేలు అయింది. తాపీ మేస్త్రీలందరికీ ఒకేసారి పని పడటంతో కార్తీకం, మార్గశిరం అలాగే గడిచిపోయాయి. ఇల్లు సిద్ధమయ్యేసరికి పుష్యమాసం వచ్చింది. శూన్యమాసంలో ఇల్లు మారేవారు మన వైపు అరుదు. చివరికి మాఘంలో గాని ఒక పోర్షన్ నిండలేదు.

మూడున్నర నెలల పాటు జీతంలోంచే వాయిదా కట్టాను. లెక్క ప్రకారం అది నాకు అసాధ్యం కాదు, కట్టగలిగాను కూడా. కానీ డిసెంబరులో ఒక బ్రోకరు వచ్చి 17 లక్షలకు పార్టీ ఉందంటే, నోటిమాటగా సరేనన్నాను. రెండు లక్షల నష్టం, మూడేళ్ల వడ్డీ, రిజిస్ట్రేషన్ ఖర్చు అన్నీ మరిచిపోయి, ఈ బెడద వదిలితే చాలనుకున్నాను. అడ్వాన్సు తీసుకోవద్దని మా ఆవిడ పట్టుబట్టకపోతే అమ్మేసేవాణ్ణే. అప్పుల గురించి బ్యాంకు తరఫున గంటల తరబడి మాట్లాడిన నాకు స్తోమత ఆరు నెలలు, నిబ్బరం మాత్రం రెండున్నర నెలలు అని ఆనాడే తెలిసింది. ఆ తర్వాత కొన్న రెండో ఇంటికి నేను ఆ రెండున్నర నెలలనే కొలతగా పెట్టుకొని, అప్పు సగానికి సగం తగ్గించుకున్నాను.

ఇక మీ ఇంటి లెక్కకు వస్తాను. 42 లక్షల ధర మీద స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం ఒకటిన్నర శాతం, రిజిస్ట్రేషన్ రుసుం 1 శాతం, వెరసి ఏడున్నర శాతం, అంటే 3 లక్షల 15 వేలు. బ్రోకరుకూ, లాయరు చూసినందుకూ, చేరగానే వేయించే రంగులకూ ఎంత తగ్గించుకున్నా 85 వేలు వేసుకోండి. మొత్తం 46 లక్షలు. బ్యాంకు 27 ఇస్తే మీ చేతి నుంచి 19 లక్షలు పోతాయి, మీ దగ్గర మిగిలేది 2 లక్షలు. మీ ప్రశ్న మొత్తంలో నన్ను ఆపిన అంకె ఇదే.

ఏడాదికి అద్దె లక్షా 92 వేలు. ఏ ఇల్లయినా సగటున ఏడాదికి ఒక నెల ఖాళీగా ఉంటుందనుకొని 16 వేలు, ఇంటిపన్నుకు సుమారు 6 వేలు, మోటారు, కుళాయిలు, పెచ్చులు, సున్నాలకు 20 వేలు తీసేయండి. మిగిలేది లక్షా 50 వేలు. 46 లక్షల మీద అది మూడుంపావు శాతం. మీరు చెల్లించబోయే వడ్డీ ఏడున్నర శాతం అనుకుంటే, 27 లక్షల మీద మొదటి ఏడాది వడ్డీ ఒక్కటే దాదాపు 2 లక్షలు అవుతుంది. అంటే అద్దె అసలును తీర్చే మాట అటుంచి, వడ్డీకే చాలదు. అద్దె వస్తుంది, అదే అప్పు కట్టుకుంటుంది అని మీతో ఎవరో అన్నారని రాశారు. మన జిల్లాల్లో అద్దెలకూ ధరలకూ ఉన్న దూరం వల్ల ఆ మాట పెద్ద అప్పులకు వర్తించదు. తేడా మీరు జీతంలోంచి కడుతూ పోతారు, పదిహేనేళ్ల తర్వాత ధర పెరిగి ఆ తేడాను పూడుస్తుందని ఆశిస్తారు. అది తప్పుడు ఆశ అనడం లేదు. అయితే మీరు అద్దె ఆదాయం కోసం కొంటున్నామనుకుంటూ నిజానికి ధర పెరుగుదల మీద పందెం కాస్తున్నారన్న సంగతి గుర్తించి, ఆ పందేనికి తగిన నిబ్బరం ఉందో లేదో చూసుకోవాలి.

వాయిదా సంగతి. మీ పదవీ విరమణ 62 ఏళ్లకు కనుక 15 ఏళ్ల గడువే అనుకుందాం. 27 లక్షలకు ఏడున్నర శాతం మీద నెలకు 25 వేల చిల్లర. ఇక్కడ చాలామంది గమనించని చిక్కు ఒకటి ఉంది. రెపో రేటు, అంటే రిజర్వు బ్యాంకు ఇతర బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటు, 2020 మే నుంచి 4 శాతం ఉండి, 2022 మేలో పెరగడం మొదలై, 2023 ఫిబ్రవరికల్లా ఆరున్నర శాతానికి చేరింది. రెపోతో ముడిపడిన గృహరుణాలన్నీ ఆ వెంటే పెరిగాయి. ముప్పై ఏళ్ల కుర్రవాళ్లకు బ్యాంకులు వాయిదా పెంచకుండా గడువు పొడిగించాయి, వాళ్లకు భారం వెంటనే తెలియలేదు. పదవీ విరమణ గోడలా అడ్డున్నవారికి గడువు పొడిగించడం సాధారణంగా కుదరదు, వాయిదానే పెరుగుతుంది. మళ్లీ అటువంటి రెండున్నర శాతం పెరుగుదల వస్తే మీ 25 వేలు 29 వేలవుతుంది. ఆ తర్వాతి కాలంలో రేట్లు తగ్గాయన్నది నిజమే, కానీ తగ్గినప్పుడు తీసుకునే అప్పు పెరిగినప్పుడూ మన నెత్తిమీదే ఉంటుంది.

ఇప్పుడు మీ స్తోమతను కొలిచే పరీక్ష చెబుతాను. నేను బ్యాంకులో ఉండగా కాగితం మీద ఎక్కడా లేకపోయినా మనసులో ప్రతి దరఖాస్తుకూ పెట్టిన పరీక్ష ఇదే. ఇల్లు పూర్తిగా ఖాళీగా ఉంది, ఒక్క రూపాయి అద్దె లేదు అనుకోండి. అప్పుడు మీ నెల మిగులు వాయిదాను మోయగలదా? మీ మిగులు 22 వేలు, వాయిదా 25 వేలు. నెలకు 3 వేలు లోటు. వినడానికి చిన్నదే. రెండు పోర్షన్లు కనుక రెండూ ఒకేసారి ఖాళీ కావు లెండి అని మీరు అనుకోవచ్చు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను.

కష్టాలు ఒక్కొక్కటిగా వస్తే ఎవరైనా తట్టుకుంటారు. అవి కలిసికట్టుగా రావడానికి కారణాలుంటాయి, కారణం ఉన్నప్పుడు అది యాదృచ్ఛికం కాదు. 2020 మార్చి నెల జీతంలో మన రాష్ట్ర ఉద్యోగులకు, ఉపాధ్యాయులకు సగం వాయిదా పడిన సంగతి మీరు అనుభవించే ఉంటారు. సరిగ్గా ఆ వారాల్లోనే కాలేజీలు మూసేశారు. విజయనగరంలో జేఎన్‌టీయూ చుట్టుపక్కల, శ్రీకాకుళంలో ఎచ్చెర్ల వైపు విద్యార్థులకిచ్చిన గదులన్నీ ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి. ఇంటి యజమాని జీతానికీ, అద్దెకూ దెబ్బ తగిలింది ఒకే కారణం వల్ల. రిజర్వు బ్యాంకు ఆగస్టు వరకు వాయిదాలు ఆపుకోవడానికి వెసులుబాటు ఇచ్చింది గాని, వడ్డీ ఆగలేదు. తుపాను కూడా ఇటువంటిదే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస వైపు తీరం దాటినప్పుడు, ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు పోయినవారికీ, వారి పిల్లలు టెక్కలి, శ్రీకాకుళాల్లో అద్దెకుంటున్న ఇళ్ల యజమానులకూ నష్టం ఒక్క గాలితోనే వచ్చింది. కనుక మీ ఇంట్లో అద్దెకున్నవారు ఎవరో తెలుసుకోండి. వారు కూడా మీలా ఉపాధ్యాయులే అయితే, జీతాలు ఆలస్యమైన నెలలో మీకు జీతమూ రాదు, అద్దె కూడా రాదు. ఆసుపత్రి సిబ్బంది ఒక పోర్షన్‌లో, వ్యాపారం చేసుకునే కుటుంబం మరో పోర్షన్‌లో ఉంటే అది అంతకంటే మెరుగు.

ఈ పరీక్షను ఆధారం చేసుకొని మీ హద్దును లెక్కిద్దాం. 22 వేల మిగులులో 6 వేలు దేనికీ ముట్టుకోకుండా ఉంచితే 16 వేలు. అది ఏడున్నర శాతం మీద 15 ఏళ్లకు 17 లక్షల అప్పుకు వాయిదా. మీ స్తోమత అప్పు రూపంలో 17 లక్షలు, 27 కాదు. బ్యాంకు 27 ఇస్తామందంటే అది మీ జీతం నుంచి తనకు రావలసినది రాబట్టుకోగలనని చేసుకున్న లెక్క మాత్రమే. ఇల్లు ఖాళీగా ఉన్న నెలలో మీ ఇంట్లో ఏం జరుగుతుందో బ్యాంకుకు అవసరం లేదు. ఈ మాట చెప్పవలసినవాళ్లమే అప్పట్లో చెప్పలేదని ఒప్పుకుంటున్నాను. శాఖకు టార్గెట్లుండేవి.

అప్పు కాక నిల్వ వేరు. ఆరు నెలల వాయిదా, ఒక పెద్ద మరమ్మతు, మీ ఇంటి ఆరు నెలల ఖర్చులో కనీసం సగం కలిపి చూస్తే మీకు 4 నుంచి 5 లక్షలు విడిగా ఉండాలి. డిపాజిట్‌లో ఉంచండి, చిట్టీలో వద్దు, ఎందుకంటే చిట్టీ డబ్బు మనకు అవసరమైన రోజున కాకుండా పాట వచ్చిన రోజున చేతికి వస్తుంది. మీ ప్రణాళికలో మిగిలే 2 లక్షలు అమ్మాయి చివరి రెండేళ్ల చదువులో వచ్చే ఏ అనుకోని ఖర్చుకైనా కరిగిపోతాయి. అప్పుడు ఇంటి కోసం అంటూ నిల్వ ఏమీ ఉండదు.

మీకున్న అనుకూలతను కూడా చెప్పాలి. మీరు 2004 సెప్టెంబరుకు ముందే సర్వీసులో చేరారు కనుక సీపీఎస్ (ఉద్యోగి చందా మీద ఆధారపడే కొత్త పింఛను పథకం) పరిధిలోకి రారు, పాత పింఛనుకు అర్హులు. విరమణ తర్వాత నెలనెలా రాబడి ఉంటుందన్న నమ్మకం మీ స్తోమతను పెంచుతుంది. కానీ అదే మరో వైపు నుంచి చూస్తే, సీపీఎస్‌లో ఉన్న మీ తోటి ఉపాధ్యాయుడికి అద్దె ఎంత అవసరమో మీకు అంత అవసరం లేదు. అవసరం లేని రాబడి కోసం ఎంత నష్టభయం నెత్తికెత్తుకోవాలన్నది మీరు ఆలోచించవలసిన విషయం.

మీ బావగారి సలహా సంగతి. భోగాపురం విమానాశ్రయానికి 2019లో ఒకసారి, 2023 మేలో మరోసారి శంకుస్థాపన జరిగింది, పనులు జోరందుకున్నది రెండోదాని తర్వాతే. విమానాశ్రయం వస్తుందని నమ్మి మొదట్లోనే స్థలం కొన్నవారి అంచనా తప్పలేదు. నా దగ్గర అప్పు తీసుకున్న ఒకాయన అలాగే కొన్నారు. సగం బ్యాంకు వ్యక్తిగత రుణం, సగం రెండు రూపాయల వడ్డీ. స్థలం అద్దె ఇవ్వదు, వడ్డీ మాత్రం నెలనెలా అడుగుతుంది. నాలుగో ఏడాది కొన్న ధరకే అమ్మి బయటపడ్డారు. వడ్డీ కింద పోయినది ఆయన నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆయన అంచనా సరైనదే, నెలలు చాలలేదు. అంచనాలు తప్పే సందర్భాలూ లేకపోలేదు. కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి మొదట కొత్తవలస మండలం రెల్లి దగ్గర అనుకున్న స్థలం తర్వాత మెంటాడ, దత్తిరాజేరు మండలాల వైపు మారింది. ప్రాజెక్టు మన జిల్లాలోనే ఉంది, కానీ మన స్థలం పక్కన లేదు. స్థలం కొనడం తప్పని నేననను. అప్పు లేకుండా, పదేళ్లు మరిచిపోగల డబ్బుతో కొనవచ్చు. అప్పు చేసి కొనే స్థలం మాత్రం 27 లక్షల అప్పుతో మీరు కొనే ఇంటికంటే ఎక్కువ నిబ్బరం అడుగుతుంది, ఎందుకంటే అది ప్రతి నెలా పూర్తిగా ఖాళీగా ఉన్న ఇల్లే.

ఒక రకం నష్టాన్ని మాత్రం ఎంత స్తోమత, ఎంత నిబ్బరం ఉన్నవారైనా భరించకూడదు. అది హక్కుకు సంబంధించినది. ఎస్టేటు గ్రామాలు, ఇనాములు, దేవస్థానం భూములు, ట్రస్టు భూములు, అసైన్డు భూములు కలగాపులగంగా ఉన్న ప్రాంతం మనది. కనీసం 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తనఖాలు చూపే ధ్రువపత్రం) తీయించండి, ఇంతకుముందు చేతులు మారిన లింకు దస్తావేజులన్నీ అసలువి చూడండి, సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఏ నిషేధిత జాబితాలో లేదని సరిచూడండి. అమ్మేవారి అక్కచెల్లెళ్ల సంతకాలు కూడా ఉండేలా చూడండి. బ్యాంకు అప్పు ఇస్తోందంటే హక్కు బాగున్నట్టే అనుకోవద్దు. బ్యాంకు లాయరు చూసేది బ్యాంకు కోసం. మీ తరఫున వేరే లాయరును పెట్టుకోవడానికయ్యే కొద్దిపాటి ఖర్చుకు వెనకాడకండి.

పన్ను విషయం క్లుప్తంగా. అద్దె నుంచి ఇంటిపన్ను తీసేశాక మిగిలినదానిలో 30 శాతం ఖర్చుల కింద మినహాయింపు వస్తుంది, మీరు అసలు ఎంత మరమ్మతు చేయించారన్నదానితో నిమిత్తం లేదు. ఆపైన వడ్డీ తీసేస్తారు. మీ లెక్కలో మొదటి ఏడాది సుమారు 70 వేలు నష్టం తేలుతుంది. పాత పన్ను విధానంలో ఉంటే దాన్ని 2 లక్షల హద్దుకు లోబడి జీతంలో సర్దుకోవచ్చు, కొత్త విధానంలో ఆ వీలు లేదు. ట్యాక్స్ కలిసొస్తుందని మీతో అన్నవారు మీరు ఏ విధానంలో ఉన్నారో అడిగారా?

బీమా గురించి మాత్రం తాత్సారం చేయవద్దు. 2021 నుంచి అన్ని సాధారణ బీమా సంస్థలూ ‘భారత్ గృహ రక్ష’ అనే ఒకే నమూనా పాలసీ ఇస్తున్నాయి. తుపాను, వరద వల్ల కట్టడానికి కలిగే నష్టంతో పాటు, ఇల్లు నివాసయోగ్యం కాకుండా పోయిన కాలానికి అద్దె నష్టం కూడా అందులో వస్తుంది. 2014లో నాకు ఇటువంటిది ఉండి ఉంటే ఆ బ్రోకరుకు సరేననేవాణ్ణి కాదేమో. ఇంటికి బీమా చేయించడం మన వైపు ఇప్పటికీ తక్కువే. కారుకు చేయిస్తాం, ఎందుకంటే పోలీసు అడుగుతాడు.

ఇదంతా చెప్పాక నా అభిప్రాయం దాచడం భావ్యం కాదు. ఇప్పటి లెక్కతో ఆ 42 లక్షల ఇల్లు మీరు కొనవద్దు. 30 లక్షల లోపు ఒకే పోర్షన్ ఇల్లో, పాత అపార్ట్‌మెంటులో ఫ్లాటో దొరికితే, రిజిస్ట్రేషన్ తదితరాలు కలిపి 33 లక్షలవుతుంది. 17 లక్షలు అప్పు, 16 మీవి పోగా 5 లక్షలు నిల్వ ఉంటాయి, ఇల్లు మూతపడినా జీతం మోస్తుంది. అద్దె తక్కువే వస్తుంది, మీ బావగారు నవ్వుతారు కూడా.

దానికంటే ముందు ఒకటి చూడండి. చీపురుపల్లి డాబా మీద మీ నాన్నగారు పై అంతస్తు కోసం స్తంభాల చువ్వలు వదిలి ఉంచారని ప్రశ్న చివర్లో మాటవరసకు రాశారు. నాకు అదే ముఖ్యంగా తోచింది. పునాది, స్తంభాలు తట్టుకుంటాయని ఇంజనీరు చెబితే, ప్లాను మంజూరు చేయించుకొని పైన ఒక పోర్షన్ కట్టడానికి 14, 15 లక్షలు అవుతుందనుకోండి. అప్పు అక్కరలేదు, స్టాంపు డ్యూటీ లేదు, హక్కు చిక్కులు లేవు, అద్దెకున్నవారు మీ కళ్లెదుటే ఉంటారు. చీపురుపల్లిలో ఐదారు వేలకు మించి అద్దె రాకపోవచ్చు. పెట్టిన డబ్బు మీద శాతం చూస్తే విజయనగరం ఇంటికి తీసిపోదు. ధర పెరుగుదల మాత్రం అంత ఉండదు, అవసరానికి దాన్ని విడిగా అమ్మడం కూడా కష్టం. ఎప్పటికీ వదులుకోని ఇంటి మీద కట్టుకుంటున్నారు కనుక ఆ లోపం మీకు పెద్దది కాకపోవచ్చు.

మీ శ్రీమతిగారి భయాన్ని మీరు ‘పిరికితనం’ అని రాశారు. ఆ మాట వెనక్కి తీసుకోండి మాస్టారూ. ఇంట్లో ఇద్దరి నిబ్బరంలో ఏది తక్కువో అదే ఇంటి నిబ్బరం. అప్పు చేసిన ఇంట్లో ఒకరు నిద్రపోతూ మరొకరు మేలుకొని ఉంటే, మొదటి కష్టానికే అమ్మేద్దామన్న మాట వస్తుంది. ఆవిడను ‘అప్పంటే భయమా’ అని అడగవద్దు. ‘ఇల్లు ఖాళీగా ఉండి, వాయిదా కడుతూ, నువ్వు నన్ను ఏమీ అనకుండా ఎన్ని నెలలు ఉండగలవు’ అని అడగండి. మీరూ ఒక కాగితం మీద మీ అంకె రాసి, ఆవిడ చూడకముందే మడిచి పెట్టండి. రెండు అంకెలూ విప్పి చూసి, చిన్నదాన్ని తీసుకోండి. అది నాలుగు నెలలు దాటితే 17 లక్షల అప్పు వరకు వెళ్లవచ్చు. రెండే అయితే పై అంతస్తుతో ఆగండి.

మీరు ఆ వి.టి.అగ్రహారం ఇంటిని ఇంకా మనసులోంచి తీసేయలేకపోతే, రెండు సంగతులు కనుక్కొని మళ్లీ రాయండి. మొదటిది, కింది పోర్షన్‌వారు ఎన్నేళ్ల నుంచి ఉంటున్నారు, వారికి ముందున్నవారు ఏ నెలలో ఖాళీ చేశారు, మళ్లీ నిండడానికి ఎన్ని నెలలు పట్టింది. దీన్ని యజమానిని కాకుండా ఎదురింటివారిని అడగండి. ఆషాఢంలో ఖాళీ అయిన ఇల్లు శ్రావణం దాకా నిండకపోవడం మామూలే కనుక ఏ నెల అన్నది ముఖ్యం. రెండోది, మే నెలలో బోరు ఎంతసేపు పోస్తుంది, ట్యాంకరు తెప్పించుకుంటారా. విజయనగరంలో వేసవి నీళ్ల ఎద్దడి తెలిసిన అద్దెదారు ఇల్లు చూడకముందే కుళాయి తిప్పి చూస్తాడు. ఈ రెండింటికీ జవాబు తెలిస్తే, ఆ ఇంటికి ఏడాదికి ఒక నెల ఖాళీ అని నేను వేసిన లెక్కను సరిచేసి, 42 లక్షలకు బదులు ఎంతకు బేరమాడాలో చెప్పగలను.